సుధ సయామ చెప్పిన అర్థం

ఉద్యోగం ఊడి, యాంగోన్ శివార్లలోని తాకేటాలో తల్లి పంచన చేరి సుధకి మూడేళ్లు దాటింది. అంతకుముందు ఆమె దక్షిణాన, మెయిక్ రేవు నుంచి పడవెక్కితే పొద్దుగుంకే వేళకి చేరే ఒక దీవిలో బడిపంతులమ్మ. సయామ అనేవాళ్లు అక్కడ. ఆ దీవి సలోన్లది. సముద్రాన్నే ఊరు చేసుకుని బతికే ఆదిమ జనం వాళ్లు. ఎండలు కాసినన్నాళ్లూ పడవల్లోనే తిరుగుతారు, వానలు పట్టాక ఒడ్డున గుడిసెలు వేసుకుంటారు. సుధ బడి కూడా అలాగే వానల్లో నిండేది, ఎండల్లో బోసిపోయేది.

పిల్లలకి బర్మా భాష ముక్క రాదు. పాఠం చెప్పాలంటే ముందు తనే వాళ్ల మాట నేర్చుకోవాల్సి వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి యాంగోన్‌లోని అహ్లోన్ రేవులో బస్తాలు మోసిన తాతకి మనవరాలు సుధ. ఇంట్లో ఒక భాష, గుమ్మం దాటితే ఇంకో భాష వింటూ పెరిగింది. కాబట్టి జంకలేదు. చేపల పేర్లు, గాలుల పేర్లు, అల్లరి చేస్తే కసురుకునే మాటలు తొందరగానే పట్టేసింది. ఒంట్లో బాగోకపోతే మంత్రగాడి దగ్గర ఆగిపోవద్దని, పట్నంలో ఆసుపత్రికి వెళ్లాలని తరగతిలో మరీమరీ చెప్పేది. సైన్యం గద్దెనెక్కిన ఏడాది పంతుళ్ల సమ్మెలో చేరింది. ఆమెని తీసేశారు. ఆ బడికి ఇంకో సయామని ఎవరూ పంపలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున్న ఫోన్ మోగింది.

"సయామా, నేను చోని. అమ్మని తీసుకుని యాంగోన్ వచ్చాను. పెద్దాసుపత్రిలో ఉన్నాం."

ఆ బడిలో అందరికన్నా చురుకైన పిల్ల చో. సుధే పూనుకుని మెయిక్‌లో హాస్టల్లో చేర్పించింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లుంటాయి.

"ఎవులే?" అంది తల్లి చిన్నమ్మి వంటగదిలోంచి.

"నా కాడ సదువుకున్న గుంట. దాని తల్లికి ఒంట్లో బాగోలేదంట."

"అయితే ఇంటికి తెచ్చీయే. ఊరు కాని ఊర్లో ఎక్కడుంటారేటి, పాపం?"

"ఎలా తెత్తానమ్మా? రాత్రి ఉంచుకుంటే వార్డాఫీసులో రాయించాల. సమ్మె సేసినదాన్ని, నా పేరు ఆళ్ల కంట పడితే బాగుంటాదేటి?"

చిన్నమ్మి క్యారేజీలో అన్నం, చేపల పులుసు సర్ది ఇచ్చింది.

ఆసుపత్రిలో ఆ తల్లి ఎత్తయిన ఇనప మంచం మీద, రెండు చేతులా ఊచలు పట్టుకుని పడుకుని ఉంది. పొట్ట ఉబ్బింది, ముఖం పీక్కుపోయింది. సుధని చూసి ఊచ వదిలి ఆమె చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "కడుపులో గడ్డ ఉంది. ఆపరేషన్ చేస్తే ఇంకో ఏడాదో రెండేళ్లో బతకొచ్చు. కచ్చితంగా చెప్పలేను. ఆవిడ మాత్రం ఒప్పుకోవాలి," అంది.

చో తల్లి మీదికి వంగి గబగబా ఏదో చెప్పింది. తల్లి కళ్లు మూసుకుని నాలుగు ముక్కలు పలికింది. సుధకి చెవిన పడినవి పడవ, వద్దు, పడుకోబెట్టు అన్న మాటలు.

చో డాక్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మ సరేనంది."

డాక్టరమ్మ సుధని చూసింది. "మీకూ వాళ్ల భాష వచ్చట కదా. సరేనందా?"

అవునంటే సరిపోయేది. చో కళ్లు కూడా అదే బతిమాలుతున్నాయి. కానీ ఆ ముసలి చెయ్యి ఇంకా సుధ చేతిలోనే ఉంది.

"లేదండీ. ఇక్కడ వద్దు, నన్ను పడవలో పడుకోబెట్టండి అంది."

"సయామా!" అంది చో.

డాక్టరమ్మ ఇంకోసారి అడగమంది. ఇంటికి వెళ్తావా అని సుధ తనకొచ్చిన మాటల్లో అడిగింది. ఆవిడ సుధ చెయ్యి మెల్లగా తట్టి నవ్వింది. అదీ అవుననే అనుకుంది సుధ.

డాక్టరమ్మ ఇక చో మాట నమ్మక, ఆపరేషన్ లేకుండానే ఇంటికి పంపేసింది. మర్నాడు సుధ వాళ్లని బస్సెక్కించడానికి వెళ్లింది. చో క్యారేజీ అందుకోలేదు. తల్లి మాత్రం సుధ పట్టించిన నీళ్లు రెండు గుక్కలు తాగింది.

మూడో రోజున చో ఫోన్ చేసింది. "దారిలో సైనికుల తనిఖీ గేటు దగ్గర బస్సుని పగలంతా ఆపేశారు. ఆ ఎండలోనే అమ్మ పోయింది. సముద్రం కంట పడనేలేదు."

సుధ పొయ్యి ఆపి, ఫోన్‌తో వాకిట్లోకి వచ్చింది.

"అమ్మ వద్దన్నది ఆ మంచాన్ని, సయామా. అంత ఎత్తు మీద పడిపోతానని భయమేస్తోంది, పడవలోలాగా కింద పడుకోబెట్టమంది. ఆపరేషన్ గురించి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మా మాట మీకు తరగతి వరకే వచ్చు."

"మరి సరేనందని నువ్వెందుకు చెప్పావు?"

"నేను ఆవిడ కూతుర్ని."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆ నంబరు ఎప్పుడు చేసినా పలకలేదు. థాయ్ ఒడ్డుకి దాటి, చేపలు ఏరే షెడ్డులో పనికి కుదిరిందని మెయిక్ నుంచి ఎవరో చెప్పారు.

"నువ్వు ఇన్నదే సెప్పినావు గదే. అందులో నీ తప్పేటున్నాది?" అంది చిన్నమ్మి.

సుధకి గిన్నెలు తోముతున్నా, ట్యూషన్ పిల్లల లెక్కలు దిద్దుతున్నా ఆ నాలుగు ముక్కలే లోపల తిరిగేవి. ఒకసారి తను చెప్పిన అర్థం వచ్చేది, ఒకసారి చో చెప్పిన అర్థం వచ్చేది. అడిగి తెలుసుకోవడానికి ఆ మనిషి లేదు.

దీపావళి ముందర గుడి కమిటీ ధర్మరాజు ఇంటికొచ్చాడు. "మన పిల్లలకి తెలుగు అక్షరమ్ముక్క రాకుండా పోతంది, సుదా. ఆదివారాలు గుడికాడ నాలుగు మాటలు నేర్పరాదేటి?"

"నాకంత రాదు బాబాయ్," అంది సుధ.

ఆయన వినయం అనుకుని నవ్వాడు. టీ తాగి, మళ్లీ వారం కనిపిస్తానని చెప్పి వెళ్లాడు. మళ్లీ వారం ఆయన వచ్చే వేళకి సుధ ఇంట్లో లేదు.