నల్ల బానెట్ మీద వేలి గీత

మా ఇబ్రహీంపట్నం కాలనీ వెనక కంకర క్రషర్ దుమ్ము గురించి నేనెంత మొత్తుకున్నా పక్కింటి వెంకటేశ్వర్లుగారు ఒప్పుకోరు. "ఎక్కడండీ దుమ్ము? మీకు గొడవ లేకపోతే తోచదు" అంటారు.

ఆ దుమ్మును రోజూ పొడిగుడ్డతో తుడిచీ తుడిచీ నా నల్ల కారు నిండా సన్నటి గీతలు పడ్డాయి, పెయింట్ మసకబారింది. ఈ రోజు పొద్దున భవానీపురంలో కరీముల్లా షాపులో పాలిష్ పట్టించాను. బానెట్‌లో మొహం చూసుకోవచ్చు. ఊపిరితిత్తులకు పాలిష్ పట్టే షాపే ఎక్కడా లేదు.

కారు ఇంటి ముందు ఆపి, భోంచేసి బయటికొచ్చేసరికి వెంకటేశ్వర్లుగారు బానెట్ మీద వేలితో గీసి, ఆ వేలినే చూసుకుంటున్నారు.

"ఇందాకేగా మెరుస్తూ వచ్చింది. అప్పుడే ఇంత దుమ్మేంటండీ?"

"ఎక్కడండీ దుమ్ము?" అన్నాను.

ఆయన నవ్వలేదు. వేలు లుంగీకి తుడుచుకుని, "సోమవారం క్రషర్ మీద ఫిర్యాదివ్వడానికి కలెక్టరాఫీసుకి వెళ్తున్నారుగా, నేనూ వస్తా" అన్నారు.

నా ఉపన్యాసాలన్నీ కలిసి చేయలేని పని ఒక్క పాలిష్ చేసింది. ఆయన వేలు పెట్టినచోట కొత్త గీత పడింది. అయినా నాకు కోపం రాలేదంటే మా ఆవిడ నమ్మడం లేదు. మీ వీధిలోనూ దుమ్ము కనబడనివాళ్లుంటే చెప్పండి, నా కారు తెచ్చి వాళ్ల గుమ్మం ముందు ఆపుతాను.