మల్లయ్య మేస్త్రి కట్టిన పొక్కల గోడ

కరీంనగర్‌లో నేను ప్లాన్ గీసిన అపార్ట్‌మెంటుకు మెట్ల పక్క గోడను ఇటుకల మధ్య సందులు వదిలి కట్టించాను. "గోడకు గిన్ని పొక్కలేంది మేడం, జనం నవ్వుతరు" అని మల్లయ్య మేస్త్రి అప్పట్లో రెండు రోజులు అలిగాడు.

ఈ మధ్యాహ్నం అటు వెళ్తే కరెంటు లేదు. ఇళ్లలో ఉడికిపోయినవాళ్లంతా గాలికి ఆ మెట్ల మీద చేరారు. ఒకావిడ అక్కడే చింతపండు గింజలు తీస్తోంది. మల్లయ్య ఎవరో కొత్త గిరాకీకి ఆ గోడ చూపిస్తున్నాడు.

"గీ పొక్కల ఉపాయం ఎవరిది?" అని గిరాకీ అడిగాడు.

"ఎవరిదేంది, నాదే! గాలి ఆడొద్దా?" అన్న మల్లయ్య, వెనక నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు.

"మేస్త్రి చెప్పినట్టే కట్టించుకోండి" అని నవ్వి వచ్చేశాను.

నిజానికి ఒళ్లు మండాలి. కానీ వద్దన్న మేస్త్రే తనదని చెప్పుకునేంత బాగుంది నా గోడ! మీరైతే ఊరుకునేవారా?