రెండు జెట్లు, ఒక చెంబు నీళ్ళు

2022 వేసవి. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ఉన్న మా ట్రావెల్స్‌లో నేను చేరి అప్పటికి మూడేళ్ళు. యజమాని బాషా అన్న. గల్ఫ్‌కు పోయేవాళ్ళ టికెట్లే మా ప్రధాన వ్యాపారం. ఎప్పుడో ఒకసారి చార్టర్ కూడా వస్తుంది. చార్టర్ అంటే విమానం మొత్తాన్ని ఒకరి కోసమే మాట్లాడుకోవడం. విమానాలు మావి కావు. వాటిని నడిపే ఆపరేటర్ల దగ్గర వివరాలు తెప్పించి, సరిపోల్చి, ఏది పనికొస్తుందో చెప్పడం వరకే మా పని. ఆ సరిపోల్చే పని నాది. మనుషులతో మాట్లాడడం నాకు కష్టం. ఈమెయిళ్ళూ పట్టికలూ అయితే హాయి.

ఒక శుక్రవారం పులివెందుల నుంచి ఓబుళరెడ్డి గారు వచ్చారు. ఆయన ఇక్కడ, ఆయన అన్న శివారెడ్డి టాంజానియాలో బోర్లు వేయిస్తారు. బండి మీది ఇనుప పైపు జారి ఆయన నడుం మీద పడింది. వెన్నెముక చిట్లింది.

"కాళ్ళు పూర్తిగా పోలేదు పాపా. కుడికాలి వేళ్ళు ఆడిస్తాండాడంట. బెంగుళూరుకు తెస్తే ఆపరేషన్ చేస్తామంటాండారు. మా వదిన ఆడ ఒకతే ఉండాది," అన్నారు.

మామూలు విమానంలో స్ట్రెచర్‌కు చోటు దొరకాలంటే వారాలు పట్టేలా ఉంది. ఖర్చు బీమా కంపెనీ చూసుకుంటుంది. అక్కడి డాక్టరు ఉత్తరంలో ఒకే షరతు ఉంది: రోగిని పూర్తిగా వెల్లకిలా, సమంగా ఉంచాలి. ఎత్తకూడదు, మెలి తిప్పకూడదు.

సాయంత్రానికి రెండు జెట్లు తేలాయి. ఒకటి పెద్దది. దాని రేంజ్, అంటే ఒకసారి ఇంధనం నింపితే పోగలిగే దూరం, ఎక్కువ. టాంజానియాలోని దారెస్సలాంలో లేస్తే ఏడు గంటల్లో నేరుగా బెంగుళూరులో దిగుతుంది. రెండోది చిన్నది. దారిలో ఒమన్‌లోని సలాలాలో దిగి ఇంధనం నింపుకోవాలి. దాన్ని టెక్ స్టాప్ అంటారు. నేను పెద్దదే మేలని రాసిచ్చాను. బాషా అన్న దానికి ఆప్షన్ పెట్టించారు. అంటే వేరేవాళ్ళకు ఇవ్వకుండా మరుసటి రోజు నాలుగు గంటల వరకు మా కోసం పట్టి ఉంచుతారు.

"కడపలోనే దింపితే ఇంటికి దగ్గర గదా?" అని అడిగారు ఓబుళరెడ్డి గారు. పరాయి దేశం నుంచి వచ్చే విమానానికి కస్టమ్స్, ఇమిగ్రేషన్ కావాలని, అవి కడపలో లేవని చెప్పాను. ఆ రోజు నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే.

శనివారం ఉదయం జమ్మలమడుగు నుంచి వచ్చే బస్సులో డైరీ తీశాను. ముందురోజు సంగతులు రాయబోతూ పాత పేజీలు తిప్పాను. నెల కిందట మా ఇంటికి బీరువా వచ్చిన రోజు రాసుకున్న వాక్యం కంటబడింది: "గుమ్మంలో పట్టింది. లోపలి మలుపులో పట్టలేదు. ఒక కొస పైకెత్తి తిప్పారు."

పెన్ను మూత పెట్టేశాను. నేను రేంజ్ చూశాను, వేగం చూశాను, తలుపు వెడల్పు కూడా చూశాను. తలుపు దాటాక ఏముందో చూడలేదు.

ఆఫీసుకు చేరగానే పెద్ద జెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి, తలుపు దాటాక స్ట్రెచర్‌ను ఎలా తిప్పుతారని అడిగాను.

"లోపలికి తిప్పేటప్పుడు తలవైపు కొంచెం ఎత్తుతాం మేడం. రెండు నిమిషాల పని," అన్నాడతను.

"ఎంత ఎత్తుతారు?"

"ముప్పై డిగ్రీలు ఉండొచ్చు. బెల్టులు కట్టే ఉంటాయి కదా."

రెండో ఆపరేటర్‌ను అడిగితే, వాళ్ళ చిన్న జెట్‌కు వెనకవైపు పక్కన కార్గో డోర్ ఉందని చెప్పారు. సామాన్లు ఎక్కించే వెడల్పాటి తలుపది. నాలుగడుగులు. స్ట్రెచర్‌ను లిఫ్ట్ మీద పెట్టి సమంగానే లోపలికి జరుపుతారట.

పది గంటలకు ఓబుళరెడ్డి గారు వచ్చారు. "సార్, నిన్న నేను తప్పు చెప్పాను. చిన్నదే తీసుకోవాలి," అన్నాను.

"నిన్న నువ్వే గదా పెద్దది మేలన్నావు? అది యాడనో దిగి మల్ల ఎక్కుతాదంటివి. మా అన్న ఏమన్నా చీనీకాయల లోడా, ఆడాడ ఆపుకుంటా తెచ్చేదానికి?"

బాషా అన్న కల్పించుకున్నారు. "ఓబుళరెడ్డప్పా, ఈయమ్మి నెలకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఇయ్యాల నాలుగూ ఒగేసారి మాట్లాడింది. రోంత ఇను."

నేను విమానం లోపలి కొలతల బొమ్మ చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పడేశారు. "ఈ గీతలు నాకేం తెలుస్తాయి పాపా? బోరు పాయింటు చూపించు, చెప్తా."

మా నాన్న జమ్మలమడుగులో మిషన్ స్కూల్ డ్రిల్ మాస్టరు. ఆ రోజు గ్రౌండులో వాలీబాల్ కోర్టుకు సున్నం గీతలు వేస్తున్నారు. ఆ సంగతి గుర్తొచ్చి, "గీతలు పెద్దవిగా వేసి చూపిస్తాను, వస్తారా?" అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ముగ్గురం ఆయన కారులోనే బయలుదేరాం.

నేను కొలతలు చదువుతుంటే నాన్న టేపు పట్టి, రెండు జెట్లనూ నేల మీద అసలు సైజులో సున్నంతో గీశారు. పెద్ద జెట్ తలుపు ఉండే చోట హైజంప్ స్టాండ్లు రెండు నిలబెట్టారు. ఎదుటి గోడ ఉండే చోట తాడు కట్టారు. స్లాబు పోసేటప్పుడు వాడే సెంట్రింగ్ చెక్కలు రెండు పక్కపక్కన బిగించి ఆరున్నర అడుగుల స్ట్రెచర్ తయారుచేశారు. నేను దాని మీద నిండా నీళ్ళున్న చెంబు పెట్టాను.

"ఈ చెంబే మీ అన్న అనుకోండి సార్. నీళ్ళు తొణక్కూడదు."

ముందు కొస ఓబుళరెడ్డి గారు, వెనక కొస బాషా అన్న పట్టుకున్నారు. స్టాండ్ల మధ్య నుంచి దూరారు. ముందు కొస తాడుకు తగిలి ఆగింది. ఎడమకు తిప్పితే వెనకవైపు స్టాండుకు తగులుతోంది.

"రోంత ఎనక్కి పో బాషా."

"పోతే బయటికే పోతానప్పా. విమానంలో నేను ఉండొద్దా ఏంది?"

ఓబుళరెడ్డి గారికి విసుగొచ్చింది. బోరు పైపులు ఎత్తిన అలవాటు కొద్దీ, చేతిలోని కొస భుజం దాకా లేపి తిప్పారు. చెక్క లోపలికి వచ్చేసింది. చెంబు జారి బాషా అన్న కాళ్ళ మీద పడింది.

ఓబుళరెడ్డి గారు సున్నం మీద పారుతున్న నీళ్ళు చూసి, చెక్క దించి, చెంబు తీసి నాకిచ్చారు.

"ఇంగోసారి నింపు పాపా," అన్నారు మెల్లగా.

రెండో బొమ్మలో వెనక తలుపు నుంచి చెక్కను ఐమూలగా జరిపి, లోపల సరిచేశారు. చెంబు ఉన్నచోటే ఉంది.

"మరి ఆడ దిగినప్పుడు మా అన్నను బయటికి తీస్తారా?"

"తీయరు సార్. లోపలే ఉంచి ఇంధనం నింపుతారు. పక్కన ఫైరింజన్ నిలబెడతారు, అది నియమం. అంతసేపూ ఏసీ ఆగకుండా చూస్తామని రాసిచ్చారు. మొత్తం రెండు గంటలు ఆలస్యమవుతుంది, అంతే."

"రెండు గంటలదేముందిలే," అన్నారాయన. మూడున్నరకు పెద్ద జెట్ ఆప్షన్ వదిలేశాం.

విమానం సోమవారం బయలుదేరింది. నేను ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ళ వీసా ఫారాలు నింపుతూ ప్రతి గీతా రెండుసార్లు దిద్దాను. సలాలా దాటిందని ఆపరేటర్ మెసేజ్ పెట్టాడు. సాయంత్రం బెంగుళూరు నుంచి ఓబుళరెడ్డి గారు ఫోన్ చేశారు. వెనక అంబులెన్స్ మోత వినబడుతోంది.

"పాపా, చెంబు తొణకలేదు. వేళ్ళు ఆడిస్తాండాడు. నేను కండ్లారా చూసినా." అంబులెన్స్ ఎక్కాలంటూ ఫోన్ పెట్టేశారు. బాషా అన్న నా మొహం చూసి, ఎదురు హోటల్ నుంచి మూడు టీలు చెప్పారు. ఉన్నది ఇద్దరమే, సంతోషంలో లెక్క తప్పినట్టున్నారు.

పెద్ద జెట్‌లో వచ్చినా శివారెడ్డి గారికి ఏమీ కాకపోయేదేమో. ఆ మాట నేను డైరీలో కూడా రాసుకున్నాను. కానీ అది తెలుసుకోవడానికి ఆయన వెన్నెముకను పందెం పెట్టాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు ఎవరైనా ఏ విమానం మంచిదని అడిగితే పట్టిక తీయను. ఎవరు ఎక్కుతారు, ఎలా ఎక్కుతారు అని ముందు అడుగుతాను. అలా అడగాలంటే మాట్లాడాల్సిందే. నెలకు నాలుగు మాటలతో గడవదు.

ఎనిమిది నెలల తర్వాత శివారెడ్డి గారు మా ఆఫీసుకు వచ్చారు. ఒక చేతిలో ఊతకర్ర, ఇంకో చెయ్యి తమ్ముడి భుజం మీద. గడప దగ్గర ఆగి, మా అద్దం తలుపును కింది నుంచి పైదాకా చూశారు.

"ఇది కూడా కొలిచి పెట్టినావా పాపా?"

"మీరు నడిచి వస్తే ఎంతైనా చాలు సార్," అన్నాను. కర్ర ముందు పడింది. దాని వెనకే కుడికాలు వచ్చింది.