అప్ప పెట్టిన నీళ్లకుండ

మొన్న మా కోడలు కొత్త కుండలో తొలిసారి నీళ్లు పోసింది. ఆ తడిమట్టి వాసన తగలగానే నాకు రంగూన్ గుర్తొచ్చింది. పంతొమ్మిది వందల ఇరవైల్లో మేము కాపురమున్న వీధి, మా పక్కింటి సింహాచలం అప్ప. మీరెవరూ ఆవిణ్ణి చూడలేదు. చూసి ఉంటే మీకూ నాలుగు చీవాట్లు పడి ఉండేవి.

అప్పది శ్రీకాకుళం వైపు; అక్కడ అక్కని అప్ప అంటారు. రేవులో మూటలు మోసే తండ్రితో చిన్నప్పుడే ఓడెక్కి వచ్చి, ఏటవతల కుమ్మరుల ఊరు ట్వంటే నుంచి పడవలో కుండలు తెచ్చి అమ్మే బర్మా ఆయన్ని పెళ్లాడింది. అందుకని మనవాళ్లలో కొందరు ఆవిడ చేతి నీళ్లు ముట్టేవారు కారు. ఆవిడ లెక్కచేసేది కాదు. అక్కడి బౌద్ధుల ఆనవాయితీ ప్రకారం ఇంటి ముందు గుంజలు పాతి, చిన్న కప్పు వేసి, దాని కింద నీళ్లకుండ, కొబ్బరిచిప్ప పెట్టింది. పక్కనే గుప్పెడు పూలు. దారిన పోయేవాళ్లు ఎవరైనా తాగొచ్చు. తెల్లారగానే కుండ కడిగి నింపేది. వానలో కూడా నింపేది. "ఇంత వానలో ఎవరు తాగుతారప్పా?" అంటే, "తడిసినోడికి దాహమెయ్యదేటే?" అనేది.

నా తొలిచూలు కొడుకు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. నేను మంచం దిగడం మానేశాను. మాటా మానేశాను. మా ఆయన పని నుంచి వచ్చి తనే వండి, నా ముందు కంచం పెట్టి, తినకపోతే తీసేసేవాడు. ఊరికి పంపిస్తానన్నాడు. ఊళ్లో మాత్రం నాకేముంది? చచ్చిపోతే బాగుండునని నిజంగానే అనుకునేదాన్ని.

ఒక ఉదయం అప్ప వచ్చి నా దుప్పటి లాగేసింది.

"లెగు. మా ఆయనకి ఒంట్లో బాగోలేదట, ట్వంటే ఎల్తన్నాను. నేనొచ్చేదాకా కుండ నువ్వే నింపాల."

నేను గోడవైపు తిరిగాను.

"నింపితే నీ బిడ్డ రాడు, నాకు తెలుసు. దారిన పోయేవోడికి దాహం తీరుతాది. అంతే, మరేటీ లేదు."

బిందె మంచం పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఓదార్పు మాట ఒక్కటి లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ కోపంతోనే లేచాను.

కుండ నింపి గుమ్మంలో కూర్చున్నాను. అప్పుడే ఓడ దిగిన మనవాళ్లు కొందరు మూటలతో వచ్చారు. పెదాలు ఎండిపోయి ఉన్నారు. కుండనీ, కప్పునీ, పూలనీ చూసి అమ్మవారి గుడి అనుకున్నారు పాపం. ఒకావిడ కొంగుముడి విప్పి కుండకు పసుపు బొట్టు పెట్టింది. అందరూ దండం పెట్టుకుని, నీళ్లు ముట్టకుండా కదిలారు.

"అది అమ్మోరు కాదు. తాగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వాళ్లలో ఒక ముసలాయన కడుపునిండా తాగి, "ఏ ఊరమ్మా మీది? పిల్లలెందరు?" అని అడిగాడు.

"ఒక్కడు. పోయాడు."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆయన చిప్ప నా చేతికిచ్చి, "నీళ్లు సల్లగా ఉన్నాయమ్మా" అన్నాడు. నేను బావురుమన్నాను. వాళ్లంతా ఒక్కొక్కరే నీళ్లు తాగుతూ అక్కడే నిలబడ్డారు. ఏడుపు ఆగాక చూస్తే కుండ ఖాళీ. బిందె తీసుకుని పంపు దగ్గరికి వెళ్లాను.

అప్ప తిరిగొచ్చాక మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. "అడుగు సరిగ్గా తోమలేదేటే" అంది. అయినా ఆ పని నా దగ్గరే ఉంచింది.

తర్వాత నాకు పిల్లలు పుట్టారు, పెరిగారు. ఆ తొలిబిడ్డ దిగులు పోయిందా అంటే పోలేదు. ఒక్కోనాడు తెల్లారేసరికి గుండె మీద వచ్చి కూర్చుంటుంది. అలాంటి పొద్దున బతకాలని ఉందో లేదో నన్ను నేను అడగను. ఈ రోజు నా నుంచి ఎవరికి ఏం కావాలో చూసుకుని లేస్తాను.