ఠాణా పక్కగోడ తలుపు

ఆ ఉదయం కోర్టు గదిలో ఉన్నవాళ్ళు: జడ్జి, ప్రభుత్వ లాయరు, ప్రతివాది, అతని లాయరు, ఒక దుబాసీ, ఒక గార్డు, సాక్షిగా వచ్చిన మా ఇంటి ఓనరు, ఆమెను కారులో తీసుకొచ్చిన నేను, నా రూమ్మేటు. ఉన్న వస్తువులు: జెండా, గురక పెట్టే హీటరు, స్టాండు మీద నేను గీసిన బొమ్మ.

ఎనభైల మొదట్లో మేమిద్దరం అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఆమె ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. ఆంటీ అని పిలిచేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఆమె ఊరిని ఆక్రమించింది. ఆ సైన్యానికి పోలీసుగా పనిచేసి, సొంత మనుషుల్నే పట్టించినవాడు ఈ ప్రతివాది అని ఆరోపణ. తన తండ్రిని ఠాణాలోకి ఈడ్చుకెళ్ళింది ఇతనేనని ఆంటీ సాక్ష్యం. తను ఆ ఊరే చూడలేదని అతను ప్రమాణం చేశాడు. దేశద్రోహానికి శిక్ష వేసే అధికారం ఇక్కడి కోర్టుకు లేదు. అబద్ధం చెప్పి పొందిన పౌరసత్వాన్ని తీసేయగలదు, అంతే.

"వాడు ఎటు పోతే నాకేం? నేను చెప్పింది నిజమని జడ్జి నోటితో అనాలి," అనేది ఆంటీ.

ఠాణా బొమ్మ కావాలని ప్రభుత్వ లాయరు అడిగితే, ఆమె చెబుతుంటే నేను గీశాను. మధ్యలో ముందు గోడ, దానికి ఎడమ పక్కన తలుపున్న పక్కగోడ.

"ఎడమ గోడకున్న ఈ తలుపు గుండానే తీసుకెళ్ళారా?" అన్నాడు ప్రభుత్వ లాయరు.

"ఆ తలుపే," అంది ఆంటీ, బొమ్మ వైపు వేలు చూపించి.

రూమ్మేటు నా డొక్కలో పొడిచాడు. "ఒరేయ్, మన కాలేజీ పద్ధతిలో డ్రా చేశావేంట్రా! వీళ్ళు రివర్స్‌లో రీడ్ చేస్తున్నారు. కేసు ఫినిష్!"

నిజమే. కుడివైపు నుంచి కనబడే గోడను మా కాలేజీలో ఎడమ పక్కన గీయమనేవారు. అమెరికాలో కుడి పక్కనే గీస్తారు. అంటే ఆంటీ చెప్పిన తలుపు నిజానికి ఠాణా కుడి గోడకుంది. లేచి చెప్పబోతే గార్డు కూర్చోమని సైగ చేశాడు.

తర్వాత ప్రతివాది బోనెక్కాడు. బొమ్మ చూడగానే అతని ముఖం వెలిగింది. దుబాసీ నింపాదిగా తర్జుమా చేశాడు: "ఈవిడకేమీ తెలియదు. ఆ గోడకు తలుపే లేదు. తలుపు కుడివైపు, నది వైపు ఉండేది. మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి."

అప్పటిదాకా కోర్టులో ఎవరూ నది మాట ఎత్తలేదు. మెట్ల మాట అసలే లేదు.

"చూడని ఊళ్ళో మెట్లు మీకెలా తెలుసు?" అన్నాడు ప్రభుత్వ లాయరు.

 ప్రతివాది లాయరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

విరామంలో ప్రభుత్వ లాయరుకు సంగతి చెప్పాను. నన్నూ బోనెక్కించి, మా పద్ధతిలో బొమ్మ ఎలా చదవాలో చెప్పించారు. కాలేజీ వైవాలో కూడా అంత ధీమాగా మాట్లాడలేదు. ఆంటీని మళ్ళీ పిలిచి ఆ గోడ అవతల ఏముండేదని అడిగారు.

"నది," అంది ఆమె.

బయటికొచ్చాక మెట్ల మీదే మా ఇద్దరి బుగ్గలూ గిల్లి పెద్దగా నవ్వింది.

"తప్పు డ్రాయింగ్‌తో కేసు గెలిపించిన ఫస్ట్ ఇంజనీర్‌వి నువ్వేరా బాబూ," అన్నాడు రూమ్మేటు.

"తప్పు కాదురా, ఫస్ట్ క్లాస్ డ్రాయింగ్ అది!" అన్నాను.

తీర్పులో అతని పౌరసత్వం రద్దయింది. ఆంటీ చెప్పిన అంశాలను జడ్జి ఒక్కొక్కటిగా పరిశీలించాడు. మొత్తం పద్నాలుగు. నిజమని రాసినవి పద్నాలుగు.