డిలీట్ చెయ్యొద్దు బాబాయ్: దివిసీమ పోలీసులతో ఒక రోజు

ఆన్‌లైన్ నేరాల్ని ఎలా దర్యాప్తు చేయాలో పోలీసులకు నేర్పడం నా ఉద్యోగం. నాలుగు స్లైడ్లు చూపించి, టీ తాగించి, సర్టిఫికెట్లు పంచే క్లాసులంటే నాకు ఒళ్ళు మంట. అందుకే కృష్ణా జిల్లా నుంచి పిలుపు రాగానే, "హోటల్ హాల్లో కాదండీ, స్టేషన్లోనే చెప్తాను" అన్నాను. సరేనన్నారు.

విజయవాడలో పొద్దున్నే గుడివాడ మీదుగా బందరు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు చవక, కిటికీ పక్కన సీటు దొరికితే దారంతా వరిచేలే. గుడివాడలో ఇడ్లీ పొట్లం కొనుక్కునేంతసేపు రైలు ఆగింది. రెండోసారి చట్నీ అడిగి ఉంటే అక్కడే ఉండిపోయేదాన్ని. బందరులో దిగి బస్టాండుకు ఆటో, అక్కడినుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సు. గంట పైనే పడుతుంది, ఛార్జీ వంద లోపే. అవనిగడ్డలో మళ్ళీ ఆటో.

"పోలీస్ స్టేషనుకాండీ? ఏం జరిగిందండీ?" అన్నాడు డ్రైవరు జాలిగా.

"ఏం జరగలేదు. పాఠం చెప్పడానికి వెళ్తున్నాను."

"పోలీసోళ్ళకా! వామ్మో, గట్టోరేనండి మీరు."

ఆ స్టేషను ఏ ఊళ్ళోదో చెప్పను. నన్ను నమ్మి తలుపు తీశారు, అది చాలు. క్లాసు మొదలై అరగంట కాకముందే రేష్మా అనే అమ్మాయి ఏడుస్తూ లోపలికి వచ్చింది. ఇంట్లోనే పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పుకుని బతుకుతోంది. ఆమె పేరు, ఫోటో పెట్టి ఎవడో దొంగ ఖాతా తెరిచి పిల్లల తల్లులకు బూతు మెసేజ్‌లు పంపాడు. అదే ఖాతా నుంచి ఆమెకే "ఊరు వదిలి పో" అని పెట్టాడు. సగం మంది పిల్లలు మానేశారు. ఇంకో వారం ఇలాగే ఉంటే ట్యూషన్ మూసేయడమే.

హెడ్ కానిస్టేబుల్ సాంబశివరావు గారు మంచి మనిషి. ఫోను తీసుకుని చూసి మొహం చిట్లించారు. "ఛీ! ఇవన్నీ దాచుకుంటారా తల్లీ? బ్లాక్ చేసి డిలీట్ కొట్టేస్తున్నా. ముందు పరువు ముఖ్యం."

"ఆగండి బాబాయ్!" అని అరిచాను. స్టేషనంతా నావైపు చూసింది. మర్యాద తర్వాత, ముందు సాక్ష్యం. ఆ మెసేజ్‌లే పోతే దొంగను దేన్ని బట్టి పట్టుకుంటాం? స్లైడ్లు కట్టేసి, అందరినీ ఆ ఫోను చుట్టూ కూర్చోబెట్టాను. ఖాతా లింకు రాసుకున్నారు. తేదీ, సమయం కనిపించేలా ఫోటోలు తీశారు. ఫిర్యాదు నమోదు చేసి, వివరాలు చెరిపేయకుండా ఉంచమని ఆ యాప్ కంపెనీకి మెయిల్ పెట్టారు. మెయిల్ సాంబశివరావు గారి చేతే కొట్టించాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు గానీ తప్పు లేకుండా కొట్టారు.

ఇక తల్లులకు వచ్చిన మెసేజ్‌లు కావాలి. రోతపడి అందరూ తుడిచేశారట. రేష్మాతో గట్టిగా పోట్లాడిన పద్మావతి గారనే తల్లి ఫోనులో మాత్రం ఉన్నాయి. ఆవిడ ఇంటికి వెళ్ళేముందు పక్క మెస్సులో భోంచేశాం. "పులుసు ఇంకాస్త పోసుకోండమ్మా, కేసు ఎక్కడికీ పోదు" అంది వంటావిడ. "పోతుందండీ, డిలీట్ కొడితే పోతుంది" అన్నాను. సాంబశివరావు గారు తలొంచుకుని నవ్వుకున్నారు.

పద్మావతి గారు కూర్చోమని కూడా అనలేదు. "లెక్కలు చెప్పమంటే ఈ బూతులేంటమ్మా? పైగా పోలీసుల్ని తెచ్చావా?" అని రేష్మా మీద విరుచుకుపడింది. నా నోరు ఊరుకోలేదు, కానీ సాంబశివరావు గారు చెయ్యెత్తి నన్ను ఆపారు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి నెమ్మదిగా చెప్పారు.

"చూడమ్మా. ఈమె సొంత ఖాతాకీ దీనికీ పేరొకటే, ఫోటో ఒకటే. లింకు చూడు, వేరు. నీకు బూతులు పంపిన ఈ ఖాతా నుంచే ఈమెకీ తిట్లొచ్చాయి. ఏ మనిషైనా తనని తానే ఊరొదిలి పొమ్మంటుందా?"

ఆవిడ రెండుసార్లు చదివింది. మొహం కందిపోయింది. తర్వాత చెప్పులేసుకుని రేష్మా చెయ్యి పట్టుకుంది. "నేనే నలుగురికీ చెప్పి మాన్పించాను. పద, ఆ ఇళ్ళన్నిటికీ నేనూ వస్తా." రేష్మా అప్పుడు ఏడ్చింది, స్టేషన్లో ఏడ్చినదానికన్నా గట్టిగా. నాకూ కళ్ళు చెమర్చాయి.

ఆ వెధవ ఎవడో ఇంకా తెలియదు. కంపెనీ నుంచి జవాబు రావాలి. దొరుకుతాడనే నా నమ్మకం, ఎందుకంటే ఆ స్టేషన్లో ఇప్పుడు పని తెలిసినవాళ్ళున్నారు. తిరుగు బస్సులో కూర్చుని ఎన్నాళ్ళకో నా ఉద్యోగం నాకే ముద్దొచ్చింది. మీరు దివిసీమకు వెళ్ళినా, ఇంట్లో ఉన్నా, నేను చెప్పేది ఒక్కటే. తెలిసినవాళ్ళ పేరుతో రోత మెసేజ్ వస్తే తుడిచేయకండి, లింకుతో సహా పోలీసులకు చూపించండి. ఆ తెలిసినవాళ్ళు ఏ తప్పూ చేయలేదనడానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం మీ ఫోనులోనే ఉండొచ్చు.