పదిహేడో నియమం, నాలుగో అంతస్తు

నీటి సరఫరా కార్యాలయంలో ఆయన్ని అందరూ దారం మామయ్య అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పద్దెనిమిదో ఏట పుస్తకాలు కుట్టే పనిలో చేరాడు. ఎవరూ నేర్పలేదు. ఊడిపోయిన పాత రిజిస్టర్లు ముందేసుకుని, దారం ఎటు నుంచి ఎటు వెళ్ళిందో చూసి, విప్పి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు గడిచాక పై అధికారి అయిన మేడమ్ ఆయన్ని పిలిచి, "మీరు కాగితాల్ని కలుపుతారు కదా, మనుషుల్ని కూడా కలపండి" అంది. అలా ఆయన సమన్వయకర్త అయ్యాడు.

పని ఇదీ. నీళ్ళు, కరెంటు, రోడ్లు, రిజిస్ట్రేషన్లు, ఈ నాలుగు కార్యాలయాలూ ఒక కమిటీగా కలిసి, ఇంటి దగ్గర నుంచి పని చేసే ఉద్యోగులకు నియమాలు రాయాలి. మొదటి సమావేశం ఎవరింట్లో వాళ్ళు ఉండి ఫోన్ తెర మీదే జరిపారు. కరెంటు కార్యాలయం ప్రతినిధి మైకు తెరవకుండా ఇరవై నిమిషాలు ఉద్రేకంగా మాట్లాడాడు. ఆయన చేతులు ఊపడం చూసి అందరూ తలలు ఊపారు. చివరికి, ఇంటి నుంచి పని చేయడం లాంటి ముఖ్యమైన విషయాన్ని ఇళ్ళలో కూర్చుని చర్చించడం కుదరదని తేల్చుకున్నారు. అప్పట్నుంచి సమావేశాలన్నీ నీటి కార్యాలయం నాలుగో అంతస్తులోనే. లిఫ్ట్ లేదు. పైకి చేరిన పావుగంట దాకా ఎవరికీ నోట మాట వచ్చేది కాదు. మొత్తం సమావేశంలో దారం మామయ్యకు బాగా నచ్చే భాగం అదే.

ఇల్లు అంటే ఏమిటో తేల్చడానికి రెండు నెలలు పట్టింది. వసారా ఇంట్లోకి వస్తుందా రాదా అని రిజిస్ట్రేషన్ల ఆవిడ అడిగితే, "మెట్టు దాటితే అది నాదే" అన్నాడు రోడ్ల ఆయన. ఫోన్ మూడోసారి మోగేలోపు ఎత్తాలని ఒకరు, రెండోసారికే ఎత్తాలని ఇంకొకరు పట్టుబట్టారు. దారం మామయ్య ఇద్దరి కాగితాలూ చదివి, "ఫోన్ ఎత్తాలి" అని రాశాడు. ఇద్దరూ తమ మాటే నెగ్గిందనుకుని వెళ్ళిపోయారు.

ఇన్ని కాగితాల మధ్య ఆయన అసలు బెంగ ఒక్కటే. పటాలమ్మ.

నేల కింద నీటి గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో సిరాతో పటాలు గీసేది ఆవిడే. ఏడు నెలల కిందట అదే భవనం మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేసి, ఏడాదిపాటు మెట్లెక్కవద్దన్నాడు డాక్టరు. ఇంటి దగ్గరే గీస్తానని ఆవిడ అర్జీ రాసింది. దాన్ని దారం మామయ్య, ఆవిడ పని చేసే విభాగం సారు బల్ల మీద మిగతా కాగితాలతో కలిపి పెట్టాడు. సారు ఏదీ చదవడు, అన్నిటి మీదా సంతకం పెడతాడు. దీని మీదా పెట్టాడు. సంతకం పడిందంటే అనుమతి వచ్చినట్టే అనుకుని, దారం మామయ్య ప్రతి సోమవారం, గురువారం పటాల్ని చుట్టి అట్ట గొట్టంలో పెట్టి స్కూటరు మీద ఆవిడ ఇంటికి చేరవేస్తున్నాడు.

విభాగం సారుకు ఈ సంగతే తెలియదు. ఆయన గదికి అద్దం గోడ. అందరూ కనపడాలని తానే కట్టించుకున్నాడు. మూలనున్న కుర్చీకి పటాలమ్మ నీలం స్వెట్టరు వేలాడుతుంటుంది. బల్ల మీద కళ్ళజోడు పెట్టె, సగం తాగిన నీళ్ళ సీసా. చూస్తే మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంటుంది.

ఆ విభాగం సారే కమిటీలో పదిహేడో నియమం తెచ్చాడు. అసలు పత్రాలతో చేసే పని ఏదీ కార్యాలయం దాటి వెళ్ళకూడదు. మిగతావాళ్ళు మాత్రం గంటకోసారి మొహం, పని రెండూ కనపడేలా ఫోటో తీసి పంపాలి. ఇది ఖాయమైతే పటాలమ్మ ఒకటో తారీఖుకల్లా నాలుగంతస్తులు ఎక్కాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి.

గురువారం వెళ్ళినప్పుడు ఆవిడకు చెప్పాడు. పటాలమ్మ పెన్ను పక్కన పెట్టింది.

"గంటకో ఫోటోనా బాబాయ్? ఒక్క గీతకు నలభై నిమిషాలు పడుతుంది. మధ్యలో మొహం ఎత్తితే గొట్టం వెళ్ళి ఎవరి పెరట్లోనో తేలుతుంది."

"ఫోటో సంగతి వదిలెయ్యమ్మాయ్. అసలు పటాలే నీ దగ్గరికి రానివ్వరట."

లోపల్నుంచి ఆవిడ పిన్ని అందుకుంది. "ఆ నియమాలు రాసేవాళ్ళలో ఒక్కడన్నా ఇంట్లో కూర్చుని ఏదన్నా పని చేశాడా అని అడుగు నాయనా! కనీసం ఒక గ్లాసు కడిగాడా?"

పటాలమ్మ మళ్ళీ పెన్ను తీసింది కానీ గీయలేదు. "ఈ చెయ్యి తప్ప నాకింకేం తెలుసు బాబాయ్?" అంది.

తొమ్మిదో సమావేశంలో పదిహేడో నియమం ఓటుకు వచ్చింది. మాట్లాడటం దారం మామయ్యకు చేతకాదు. అట్ట గొట్టం మూత తీసి, పటాలమ్మ గీసిన మూడు పటాలు బల్ల మీద పరిచాడు. అందరూ వంగి చూశారు.

"మొన్న వాల్వు కోసం ఇది పట్టుకునే తవ్వాం" అన్నాడు రోడ్ల ఆయన. "అడుగు కూడా తేడా రాలేదు. మొదటి గుంతలోనే దొరికింది. నా సర్వీసులో ఇదే మొదటిసారి."

విభాగం సారు ఛాతీ విరుచుకున్నాడు. "మరేమనుకున్నారు? ఎదురుగా కూర్చోబెట్టి, నా కళ్ళ ముందు చేయించాను. ఇంట్లో కూర్చుంటే ఇలాంటి గీత పడుతుందా? పదిహేడో నియమం ఎందుకన్నది ఇప్పుడైనా అర్థమైందా?"

"ఇవి ఇంట్లో పడిన గీతలేనండి" అన్నాడు దారం మామయ్య.

ఆయన జేబులోంచి అర్జీ తీసి మేడమ్ ముందు పెట్టాడు. "ఏడు నెలలైంది. సారు సంతకం ఉంది. పటాలు మోసింది నేను. తప్పయితే నాది."

మేడమ్ సంతకం చూసింది, తారీఖు చూసింది, విభాగం సారును చూసింది. "ఏడు నెలలుగా మీ కళ్ళ ముందు ఉన్నది ఎవరండీ?"

విభాగం సారు నీళ్ళు నమిలాడు. "మూల కుర్చీలో... రోజూ... నీలం..."

"స్వెట్టరు మాత్రం ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు మేడమ్" అన్నాడు రోడ్ల ఆయన.

పదిహేడో నియమం కొట్టేశారు. అసలు పత్రాలు తీసుకెళ్ళేటప్పుడు, తెచ్చేటప్పుడు రాసి ఉంచుకుంటే చాలన్నారు. అక్కడితో ఆపితే అది కమిటీ ఎలా అవుతుంది? పటాలమ్మ పద్ధతి అందరికీ ఆదర్శమనీ, ఇంటి నుంచి ఎలా పని చేయాలో ఆవిడే ప్రతి సోమవారం నాలుగో అంతస్తుకు వచ్చి నేర్పాలనీ కరెంటు ఆయన ప్రతిపాదించాడు. ఈసారి మైకు అక్కర్లేదు కాబట్టి అందరికీ వినపడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

దారం మామయ్య సాయంత్రం ఆ తీర్మానం చదివి వినిపిస్తే పటాలమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే తొడ పట్టుకుంది. "మెట్లెక్కలేనని కదా బాబాయ్ ఇంత కథ! నేర్పమంటే నేర్పుతాను. కావలసినవాళ్ళనే ఇక్కడికి రమ్మనండి."

ఆ ముక్కే రాసి పంపాడు. మేడమ్ సరేనంది.

సోమవారం వాన. కమిటీ మొత్తం పటాలమ్మ ఇంటి ముందు గదిలోకి దిగింది. గుమ్మం దగ్గర పిన్ని కాపలా కాసింది. "గొడుగులు ఆ మూలన పెట్టండి. మాటలు కూడా అక్కడే పెట్టి రండి. అమ్మాయి గీత మొదలుపెట్టింది."

కుర్చీలు నాలుగే. మిగిలినవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. విభాగం సారు చేతిలో పటాలమ్మకు ఇవ్వాల్సిన అనుమతి పత్రం ఉంది. మేడమ్ సంతకం చేసిచ్చింది. ఇస్తూ చెప్పడానికి నాలుగు మంచి మాటలు కూడా దారిపొడుగునా సిద్ధం చేసుకున్నాడు. పటాలమ్మ తల ఎత్తలేదు. పెన్ను మొన కాగితం మీద చీమ నడకలా సాగుతోంది. పది నిమిషాలు. ఇరవై. విభాగం సారు ఒకసారి దగ్గబోయి పిన్నిని చూసి మింగేశాడు. అరగంటకు కరెంటు ఆయన తనకు తెలియకుండానే ముందుకు వంగి, ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. దారం మామయ్య మాత్రం ఆవిడ మణికట్టునే చూస్తున్నాడు. ఎక్కడా వణుకు లేదు.

గీత వాల్వు దగ్గర ఆగింది. పటాలమ్మ పెన్ను తుడిచి పెట్టింది.

విభాగం సారు ఒక్క అంగలో ముందుకొచ్చి పత్రం చాపాడు. "అమ్మా, ఇది మీ..."

"అయ్యో సారూ, ఇటు పెట్టకండి, తడిగా ఉంది" అంది పటాలమ్మ. "సిరా ఆరేదాకా కాస్త చేత్తో పట్టుకోండి."

ఆయన పట్టుకుని నిలబడ్డాడు.